ఎయిర్ రైఫిల్ ఎక్స్‌ఛేంజ్‌కి ఇవ్వాలా, ఉంచుకోవాలా: డీలర్ దగ్గరికి వెళ్లే ముందు చేయాల్సిన పరీక్షలు

మా అమ్మాయికి 14 ఏళ్లప్పుడు తన రైఫిల్‌ని ఎక్స్‌ఛేంజ్‌కి ఇచ్చేశాను. అప్పటికి ఆరు నెలలుగా స్కోరు (60 షాట్లకి కలిపి, ఒక్కో షాట్‌కి గరిష్ఠంగా 10.9) 605 దగ్గరే ఆగిపోయింది. గచ్చిబౌలి షూటింగ్ రేంజ్ నుంచి ఇంటికొచ్చేటప్పుడు కారులో రోజూ ఒకటే మాట: "నాన్నా, ఈ గన్‌తో నావల్ల కావట్లేదు." పిల్ల బాధ చూడలేక డీలర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన పాతదాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ఒక ధర చెప్పాడు. పైన 90 వేలు కట్టి వేరేది తెచ్చుకున్నాం. మూడు నెలల తర్వాత స్కోరు 606. మేం ఇచ్చేసిన రైఫిల్‌ని అదే రేంజ్‌లో ఇంకో అమ్మాయి కొనుక్కుంది. ఆ ఏడాది దానితోనే 618 కొట్టింది.

రైఫిల్‌లో ఏ లోపమూ లేదు. మా అమ్మాయి ఆ ఏడాది ఆరు సెంటీమీటర్లు పెరిగింది, బట్ ప్లేట్ (భుజానికి ఆనే వెనక పలక) మాత్రం పెట్టినచోటే ఉండిపోయింది. అంతే జరిగింది. ఒక అలెన్ కీతో, ఒక ఆదివారం మధ్యాహ్నంతో తేలిపోయే పనికి 90 వేలు పోశాం. అందుకే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ మీద అసంతృప్తిగా ఉన్నవాళ్లకి, వాళ్ల అమ్మానాన్నలకి ఇది రాస్తున్నాను. రైఫిల్ మార్చొద్దని కాదు, మార్చాల్సిన సందర్భాలు నిజంగానే ఉన్నాయి. కానీ లోపం రైఫిల్‌లో ఉందా, దాని అమరికలో ఉందా, షూటర్‌లో ఉందా అన్నది ముందు తేలాలి. నేను చెప్పే వరుసలోనే పరీక్షలు చేయండి. ఖర్చు లేనివి ముందు పెట్టాను.

మొదటి మెట్టు: ఫిర్యాదును కాగితం మీద పెట్టండి

"నచ్చలేదు", "సెట్ కావట్లేదు" అనే మాటలతో ఏ పరీక్షా చేయలేం. రెండు వారాలు ప్రతి ప్రాక్టీసులోనూ నోట్‌బుక్ దగ్గర పెట్టుకుని, పాడైన ప్రతి షాట్ దగ్గర మూడు సంగతులు రాయండి: ఎటు వెళ్లింది, ట్రిగ్గర్ నొక్కిన క్షణంలో మీకు ఎలా అనిపించింది, గాలి సిలిండర్ మీది గేజ్ (ఒత్తిడి చూపే మీటరు) ఎంత చూపిస్తోంది. షాట్ వదిలిన వెంటనే, స్క్రీన్ చూడకముందే, ఎక్కడ పడి ఉంటుందో మనసులో చెప్పుకోవడం అలవాటు చేసుకోండి. మీరు "కుడివైపు 9" అనుకున్నప్పుడు కుడివైపు 9 వస్తే రైఫిల్ మీరు చెప్పినట్టే వింటోంది. "బాగా వదిలాను, ఇది 10.5" అనుకున్న షాట్లు తరచుగా 9.6లో పడుతుంటే అప్పుడు రైఫిల్‌ని అనుమానించవచ్చు.

రెండో మెట్టు: లెక్క

ఇది ఎవరూ పిల్లలకి కూర్చోబెట్టి చెప్పరు. నాకూ చాలా ఆలస్యంగా తెలిసింది.

10 మీటర్ల టార్గెట్‌లో పది రింగు అంటే అర మిల్లీమీటరు చుక్క. పెల్లెట్ (రైఫిల్ కాల్చే చిన్న గుండు) వ్యాసం 4.5 మిల్లీమీటర్లు. పెల్లెట్ అంచు ఆ చుక్కను తాకితే 10.0. అంటే పెల్లెట్ మధ్యభాగం టార్గెట్ కేంద్రానికి 2.5 మిల్లీమీటర్ల దూరంలో పడినా పదే. అక్కడి నుంచి లోపలికి ప్రతి పావు మిల్లీమీటరుకీ 0.1 పెరుగుతూ 10.9 దాకా వెళ్తుంది. 9.0 రావాలంటే 5 మిల్లీమీటర్లు, 8.0 రావాలంటే 7.5 మిల్లీమీటర్లు తప్పాలి.

ఇప్పుడు బ్యారెల్ (రైఫిల్ గొట్టం) సంగతి. రైఫిల్‌ని కదలకుండా బిగించి కాల్చినప్పుడు పది షాట్లూ కలిసి చేసిన రంధ్రం, బయటి అంచు నుంచి బయటి అంచుకి 6 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. పెల్లెట్ వ్యాసం తీసేస్తే మిగిలింది 1.5, మధ్య నుంచి చూస్తే 0.75. అంటే రైఫిల్ ఒక్కటే కాల్చుకుంటే అన్నిటికన్నా పాడైన షాట్ కూడా 10.7. రంధ్రం 8 మిల్లీమీటర్లు ఉన్నా, గ్రూపింగ్ (షాట్లన్నీ పడిన గుంపు) సరిగ్గా మధ్యలో ఉంటే, అన్నిటికన్నా పాడైనది 10.3.

605 అంటే 60 షాట్ల సగటు 10.08. ఆ స్థాయిలో సగటు షాట్ కేంద్రానికి 2.3 మిల్లీమీటర్ల దూరంలో పడుతోంది. అందులో బ్యారెల్ వాటా చాలా తక్కువ. 8.7, 8.9 కనిపిస్తున్నాయంటే వాటిని బ్యారెల్ ఖాతాలో వేయలేం. అదే 630 కొట్టే షూటర్‌కి సగటు 10.5. అక్కడ అర మిల్లీమీటరు తేడాకీ విలువ ఉంది, వాళ్లు బ్యారెల్ గురించి, పెల్లెట్ లాట్ (ఒకే విడతలో తయారైన పెల్లెట్లు) గురించి పట్టించుకోవడంలో అర్థముంది. 615 లోపు కొడుతూ బ్యారెల్ బాగోలేదని రైఫిల్ మార్చడం, నా ఉద్దేశంలో, దాదాపు ఎప్పుడూ తప్పే. అయినా పరీక్ష చేయకుండా తీర్పు చెప్పకూడదు కాబట్టి, తర్వాతి మెట్టు.

మూడో మెట్టు: మనిషిని తీసేసి కాల్చి చూడండి

రేంజ్‌లో గానీ, మంచి గన్‌స్మిత్ దగ్గర గానీ రైఫిల్‌ని బిగించే వైస్ ఉంటే అదే మేలు. లేకపోతే బల్ల మీద ఇసుక సంచులు పెట్టి, కూర్చుని, ముందూ వెనకా ఆనించి కాల్చండి. ఇసుక సంచుల మీద మన చేతి తప్పు కొంత కలుస్తుంది, ఆ మేరకు చూసీచూడనట్టు పోవాలి.

పరీక్షకు ముందు బ్యారెల్‌లో రెండు మూడు ఫెల్ట్ క్లీనింగ్ పెల్లెట్లు (గొట్టం శుభ్రం చేసే మెత్తటి గుళికలు) పంపండి. తర్వాత మామూలు పెల్లెట్లు ఓ పదిహేను కాల్చి అప్పుడు మొదలుపెట్టండి. శుభ్రం చేసిన వెంటనే వచ్చే షాట్లు నిలకడగా ఉండవు. సిలిండర్ సగానికి పైగా నిండి ఉండాలి. ప్రతి రకం పెల్లెట్‌తో పదేసి షాట్ల గ్రూపులు కనీసం మూడు కాల్చండి. ఐదు షాట్ల గ్రూపు ఒక్కటి చూసి సంబరపడటం, దిగులుపడటం రెండూ వద్దు.

పెల్లెట్ దగ్గర కాస్త ఆగాలి. ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్10, హెచ్ అండ్ ఎన్ ఫినాలే మ్యాచ్, జేఎస్‌బీ, చియాంగ్ యువాన్ లాంటివి మన రేంజ్‌లలో కనిపిస్తాయి. ఒకే కంపెనీ పెల్లెట్లలోనూ తల కొలత 4.48, 4.49, 4.50 ఇలా వేర్వేరుగా ఉంటుంది. ఒక బ్యారెల్‌కి 4.49 నచ్చుతుంది, పక్కనున్న అదే మోడల్ బ్యారెల్‌కి 4.50 నచ్చుతుంది. ఎందుకని అడిగితే అది ఆ బ్యారెల్ స్వభావం. రేంజ్‌లో నలుగురి దగ్గర ఇరవై ముప్పై చొప్పున అడిగి తెచ్చుకుంటే పైసా ఖర్చు లేకుండా ఆరు రకాలు పరీక్షించవచ్చు. అడగడానికి మొహమాటపడకండి. షూటర్లు ఈ విషయంలో ఉదారంగా ఉంటారు, నేను ఇప్పటిదాకా కాదన్నవాళ్లని చూడలేదు.

ఫలితం ఇలా చదవండి. ఒక్క రకంతోనైనా గ్రూపులు 6 మిల్లీమీటర్ల దగ్గర వస్తే బ్యారెల్ గురించి ఇక మాట్లాడుకోనక్కర్లేదు, ఆ పెల్లెట్ కొనుక్కోండి. ఏ రకంతోనూ 8 లోపు రాకపోతే నాలుగో మెట్టు, ఐదో మెట్టు పూర్తి చేసి మళ్లీ పరీక్షించండి. అప్పటికీ రాకపోతే మార్చడానికి మీకు మొదటి గట్టి కారణం దొరికినట్టు.

నాలుగో మెట్టు: గాలి

మ్యాచ్ రైఫిల్ సిలిండర్‌లో సాధారణంగా 200 బార్ దాకా గాలి ఉంటుంది. ఒక్కో షాట్‌కి ఒకే కొలతలో గాలిని వదిలే పని రెగ్యులేటర్‌ది. పెల్లెట్ వేగం సెకనుకు సుమారు 170 నుంచి 175 మీటర్లు. రెగ్యులేటర్ సీల్ అరిగితే ఈ వేగం షాట్ షాట్‌కీ మారుతుంది, గ్రూపు నిలువుగా సాగుతుంది. ఐదు నిమిషాలు విరామం ఇచ్చాక వచ్చే మొదటి షాట్ ప్రతిసారీ మిగతావాటి నుంచి విడిగా పడుతుంటే దీన్నే అనుమానించాలి. క్రోనోగ్రాఫ్ (పెల్లెట్ వేగం కొలిచే పరికరం) ఉన్నవాళ్లని అడిగి ఇరవై షాట్ల వేగం రాసుకుంటే సందేహం తీరిపోతుంది. సీల్స్ మార్పించడం సర్వీస్ పని, రైఫిల్ మార్చేంత పని కాదు.

లీకేజీకి పరీక్ష సులువు: రాత్రి గేజ్ రీడింగ్ రాసిపెట్టుకుని మర్నాడు రాత్రి అదే వేళకి చూడండి. మన ఎండల్లో ఒక జాగ్రత్త. మధ్యాహ్నం వేడికి గేజ్ కొంచెం ఎక్కువే చూపిస్తుంది, కాబట్టి రెండు రీడింగులూ ఒకే వేళలో, ఒకే గదిలో తీసుకోండి. నింపిన సిలిండర్‌ని మే నెలలో పార్క్ చేసిన కారులో ఎప్పుడూ వదలొద్దు.

సిలిండర్ మీద చెక్కిన తయారీ తేదీ కూడా చూడండి. పెద్ద కంపెనీల సిలిండర్లకు వాడకం గడువు సాధారణంగా పదేళ్లు. గడువు దాటినదాన్ని నింపడం ప్రమాదం. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం అది గడువులో ఉండేలా చూసుకోవాల్సిన బాధ్యత షూటర్‌దే. సిలిండర్ గడువు అయిపోయిందని మొత్తం రైఫిల్‌నే వదిలించుకోవాలనుకునేవాళ్లు ఉన్నారు. కొత్త సిలిండర్ ధర కనుక్కున్నాక నిర్ణయించండి.

ఐదో మెట్టు: మరలు, సైట్, ట్రిగ్గర్

స్టాక్‌కి (చేత్తో పట్టుకునే, భుజానికి ఆనించే భాగం) యాక్షన్‌ని (బ్యారెల్, ట్రిగ్గర్ ఉండే యంత్రభాగం) బిగించే మరలు వదులైతే బ్యారెల్ ఎంత మంచిదైనా ఫలితం ఉండదు. కంపెనీ మాన్యువల్‌లో చెప్పిన బిగువుకి, వీలైతే టార్క్ కీతో బిగించండి. ఫ్రంట్ సైట్‌నీ, డయాప్టర్‌నీ (కన్ను దగ్గరుండే వెనక సైట్) వేళ్లతో పట్టి కదిపి చూడండి. డయాప్టర్‌ని నాలుగు క్లిక్‌లు కుడికి, మళ్లీ నాలుగు ఎడమకి తిప్పితే గ్రూపు మొదటి చోటికే రావాలి. రాకపోతే డయాప్టర్‌లో వదులు ఉంది. చాలా మ్యాచ్ రైఫిళ్ల మీద డయాప్టర్ కూర్చునే పట్టా 11 మిల్లీమీటర్లదే కాబట్టి, స్నేహితుల డయాప్టర్ ఒక రోజు తెచ్చి పెట్టి చూడొచ్చు.

సైట్ కదిలిపోవడం ఎంత పెద్దవాళ్లకైనా జరుగుతుంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్ ఫైనల్‌కి ముందు అభినవ్ బింద్రా వేసిన ట్రయల్ షాట్‌కి 4 వచ్చింది. ఆయన క్లిక్‌లు సరిచేసుకుని ఫైనల్ ఆడాడు, చివరి షాట్ 10.8తో స్వర్ణం గెలిచాడు. ఆ నిమిషంలో రైఫిల్ మీద నమ్మకం వదులుకుని ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

ట్రిగ్గర్ గురించి ఒక్కమాట. లాగేటప్పుడు తేలిగ్గా కదిలే మొదటి దశ ఎక్కడ ఆగుతోందో వేలికి స్పష్టంగా తెలియాలి. తెలియకపోతే సర్దుబాటు చేయించండి. మాన్యువల్ చూడకుండా మరలు మీరే తిప్పకండి.

ఆరో మెట్టు: ఒంటికి సరిపోతోందా

మేం దెబ్బతిన్నది ఇక్కడే. పెద్దవాళ్లు కూడా ఏడాదికోసారి ఈ మెట్టు ఎక్కాలి, ఎదిగే పిల్లలైతే మూడు నెలలకోసారి.

జాకెట్, ట్రౌజర్, బూట్లు అన్నీ వేసుకునే చూడాలి, టీషర్ట్ మీద చూస్తే లాభం లేదు. ముందు ప్రస్తుతం ఉన్న కొలతలన్నీ ఫోటో తీసి, స్కేలు పెట్టి రాసుకోండి. నచ్చకపోతే వెనక్కి రావడానికి దారి ఉండాలి.

తర్వాత పొజిషన్‌లో నిలబడి, రైఫిల్ భుజానికి ఆనించి, కళ్లు మూసుకుని, తలని చీక్ పీస్ (చెంప ఆనించే భాగం) మీద హాయిగా వదిలేయండి. రెండు మూడు ఊపిర్లు తీసుకుని కళ్లు తెరవండి. ఫ్రంట్ సైట్ రింగు డయాప్టర్ రంధ్రం మధ్యలో కనిపించాలి. దాన్ని మధ్యకు తేవడానికి మెడ చాచాల్సి వస్తున్నా, తల వంచాల్సి వస్తున్నా చీక్ పీస్ ఎత్తో, బట్ ప్లేట్ ఎత్తో తప్పు. తలని రైఫిల్ దగ్గరికి తీసుకెళ్లకూడదు, రైఫిలే తల దగ్గరికి రావాలి. మెడ పొడవుగా ఉన్నవాళ్లకి సైట్ కింద రైజర్లు (ఎత్తు పెంచే దిమ్మలు) పెడితే కుదురుతుంది.

బట్ పొడవు తక్కువైతే మొహం ముందుకు దూరుతుంది, కుడి భుజం ముడుచుకుంటుంది. మా అమ్మాయికి జరిగింది ఇదే. ఎక్కువైతే వేలు ట్రిగ్గర్‌కి చివరి కొసతో అందుతుంది, లాగినప్పుడు రైఫిల్ పక్కకి ఒరుగుతుంది. మా నోట్‌బుక్‌లో తర్వాత వెతికితే పాత షాట్లలో ఎక్కువ భాగం ఎడమ కిందికే వెళ్లాయి. ఆ సంగతి ముందే రాసిపెట్టి ఉంది, మేమే చదవలేదు.

ఎడమ మోచేయి తుంటి ఎముక మీద కూర్చుంటోందా, చేతికీ స్టాక్‌కీ మధ్య ఖాళీ ఉందా అనేది కూడా కోచ్ పక్కనుంచి చూడాలి. ఖాళీ ఉంటే ఫోర్‌ఎండ్ (స్టాక్ ముందుభాగం) కింద రైజర్ బ్లాక్ సరిపోతుంది. బరువు సంగతి: సైట్లతో కలిపి 5.5 కిలోలు నిబంధన ప్రకారం పైహద్దు, అంత ఉండి తీరాలని ఎక్కడా లేదు. 13 ఏళ్ల పిల్లకి ముందున్న వెయిట్లు తీసేసి రెండు వారాలు కాల్చనివ్వండి. నడుం నొప్పితో వచ్చిన స్కోరుకి రైఫిల్‌ని నిందించకూడదు.

ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి. ప్రతి మార్పుకీ కనీసం వారం ఇవ్వండి.

ఈ సర్దుబాట్లన్నీ చివరి గీత దాకా జరిపినా సరిపోకపోతే, అంటే బట్ ప్లేట్ ఇంకా రాదు, చీక్ పీస్ ఇంకా లేవదు అన్నప్పుడు, ఆ స్టాక్ మీకు చిన్నదైపోయినట్టే. మొదట్లో కొన్న జూనియర్ మోడళ్లతో, సర్దుబాట్లు తక్కువున్న చెక్క స్టాక్ మోడళ్లతో ఇది జరుగుతుంది. అప్పుడు మార్చడం న్యాయం. కొన్ని మోడళ్లకి స్టాక్ ఒక్కటే విడిగా దొరుకుతుంది, అదీ అడిగి చూడండి.

ఏడో మెట్టు: చేతులు మార్చి చూడండి

మీ రైఫిల్‌ని మీకంటే బాగా కొట్టే, దాదాపు మీ ఎత్తే ఉన్న షూటర్‌కి ఇచ్చి 20 షాట్లు కొట్టమనండి. అలాగే మీరు కొనాలనుకుంటున్న మోడల్‌ని ఎవరి దగ్గరైనా అడిగి, మీ కొలతలకి సర్దుకుని, కనీసం నాలుగు సెషన్లు కాల్చండి. పది షాట్లు కొట్టి "ఇదే నా గన్" అనుకోవడం మోసం చేస్తుంది. కొత్త వస్తువు పట్టుకున్న రోజు శ్రద్ధ ఎక్కువ ఉంటుంది, స్కోరు నాలుగైదు పాయింట్లు దానంతటదే లేస్తుంది. మూడో వారానికి అసలు సంగతి బయటపడుతుంది.

ఈలోగా కళ్లు ఒకసారి పరీక్ష చేయించండి. ఫ్రంట్ రింగు మసకగా కనిపిస్తోందన్న ఫిర్యాదుకి మందు చాలాసార్లు కళ్లద్దాల షాపులో ఉంటుంది.

ఎనిమిదో మెట్టు: డబ్బు లెక్క

ఇక్కడికి వచ్చాక కూడా మార్చాలనే తేలితే, డీలర్‌ని రెండు ప్రశ్నలు విడివిడిగా అడగండి. ఎక్స్‌ఛేంజ్ లేకుండా కొత్తది ఎంతకిస్తారు? కొత్తది తీసుకోకుండా పాతది ఒక్కటే ఎంతకి కొంటారు? "పాతది ఇచ్చి ఇంత కట్టండి" అనే ఒక్క అంకె విని తలూపొద్దు. పాతదానికి ఎక్కువ ధర కట్టినట్టు చూపించి, కొత్తదాని మీద ఇవ్వాల్సిన తగ్గింపు ఇవ్వకపోవచ్చు. మాకు జరిగింది అదే, ఆలస్యంగా అర్థమైంది.

తర్వాత రేంజ్‌లో అలాంటి రైఫిల్ ఎంతకి అమ్ముడవుతోందో ఇద్దరు ముగ్గురిని కనుక్కోండి. ఉదాహరణకి బయట లక్షా 40 వేలు వచ్చేదానికి డీలర్ లక్షా 10 వేలు ఇస్తే, ఎక్స్‌ఛేంజ్ సౌకర్యానికి మీరు కట్టే రుసుము 30 వేలు. కొనేవాళ్ల కోసం నెలల తరబడి ఎదురుచూసే ఓపిక లేనివాళ్లకి అది సరే అనిపించవచ్చు, కానీ తెలిసి ఇవ్వాలి. అదనపు సిలిండర్, వెయిట్లు, మంచి డయాప్టర్ ఉంటే వాటిని రైఫిల్‌తో కలిపి ఇచ్చేయకండి. డయాప్టర్ కొత్తదానికీ పనికొస్తుంది. సిలిండర్ మాత్రం వేరే కంపెనీ రైఫిల్‌కి సాధారణంగా పట్టదు, కాబట్టి దాని ధర విడిగా అడగండి. ఫ్రంట్ సైట్ ట్యూబ్ వ్యాసం 18 మిల్లీమీటర్లా 22 మిల్లీమీటర్లా అన్నది చూసుకుంటే పాత రింగులు పనికొస్తాయో లేదో తెలుస్తుంది.

కాగితాలు, తేదీలు

4.5 మిల్లీమీటర్ల క్యాలిబర్, 20 జూల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కి మన దేశంలో ఆయుధ లైసెన్స్ అక్కర్లేదు. మ్యాచ్ రైఫిల్ శక్తి ఏడున్నర జూల్స్ దగ్గరే ఉంటుంది. అలాగని కాగితాలు లేకుండా చేతులు మార్చొద్దు. ఒరిజినల్ బిల్లు, సీరియల్ నంబరు, గుర్తింపు కార్డు కాపీలు ఇద్దరి దగ్గరా ఉండాలి. షూటర్ పేరు మీద దిగుమతి అయిన రైఫిల్ అయితే, దాన్ని తిరిగి అమ్మడానికి షరతులేమైనా ఉన్నాయేమో రాష్ట్ర రైఫిల్ అసోసియేషన్‌లో కనుక్కున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి, తీసుకోండి.

తేదీ విషయంలో మాత్రం నేను మొండిగా చెబుతాను. రాష్ట్ర పోటీలకు గానీ, నేషనల్స్‌కి గానీ రెండు నెలల కంటే తక్కువ సమయముంటే మార్చకండి. ఆ పోటీ పాతదానితోనే ఆడండి. మార్చిన తర్వాత మొదటి మూడు వారాలు స్కోరు రాయొద్దు, టార్గెట్ లేకుండా తెల్లటి కాగితం మీదే కాల్చండి, డ్రై ఫైరింగ్ (పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధన) ఎక్కువ చేయండి. పెల్లెట్ పరీక్ష కొత్త బ్యారెల్‌కి మళ్లీ మొదటి నుంచి చేయాలి, పాత డబ్బాలు దానికి నచ్చకపోవచ్చు.

పాత రైఫిల్ అప్పగించే రోజు ఉదయం దాని కొలతలన్నీ మరోసారి రాసుకోండి: బట్ ప్లేట్ నుంచి ట్రిగ్గర్‌కి, చీక్ పీస్ ఎత్తు, గ్రిప్ కోణం, కన్ను నుంచి డయాప్టర్‌కి. కొత్తదాన్ని సర్దుకోవడానికి అవి కావాలి. నేను రాసుకోలేదు. మా అమ్మాయి పొజిషన్ మళ్లీ కుదురుకోవడానికి వర్షాకాలం మొత్తం పట్టింది.